మన్ననూరు అడవిలో తల వంచిన నాచు

నాచు చూడడానికి నాలుగు రోజులు ఊళ్ళు తిరిగి వచ్చానంటే గద్వాలలో నవ్వనివాళ్ళు లేరు. "గిరాకీ లేకుంటే ఇంటికాడ కూసోవాలె గని, గీ పాచి యాత్ర ఏందన్నా?" అన్నాడు మా వీధి చివర చాయ్ కొట్టు సాయిలు. శ్రీశైలం పోయి వచ్చినవాళ్ళు గుడి గురించి చెప్తారు. నేను శ్రీశైలం రోడ్డులో సగం దాకా పోయి, గుడి చూడకుండా, చిటికెన వేలంత మొక్కను చూసి వెనక్కి తిరిగాను. అడిగిన ప్రతివాళ్ళకూ నిలబడి చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

గద్వాల

నా పేరు నరసింహులు. బోర్డులు రాస్తాను. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో బట్టల దుకాణాల పేర్లు, విత్తనాల దుకాణాల ముందు పత్తికాయల బొమ్మలు, లారీల వెనక నెమళ్ళు చాలావరకు నా చేతివే. ఊరికి ఫ్లెక్సీ మిషను వచ్చి ఏడాది తిరక్కుండానే ఆ పని సగానికి పడిపోయింది. మా ఇంటావిడ పద్మ మగ్గం నేస్తుంది కాబట్టి పొయ్యి వెలుగుతోంది.

అలాంటప్పుడు ఒక జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ పిలిపించారు. వృక్షశాస్త్రం ల్యాబు గోడకు వేలాడే పాత చార్టులను చెదలు తినేశాయి. ముందుగా ఒకటి గీసి చూపించమన్నారు. అది ఫ్యునేరియా. ఇంటర్ చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పాఠంలో వచ్చే నాచు మొక్క. పుస్తకంలో బొమ్మ ముందు పెట్టుకుని, మూడు రోజులు కూర్చుని, తలుపంత చార్టు మీదికి దించాను.

ప్రిన్సిపాల్ గారు చార్టును చూశారు, నన్ను చూశారు. "నర్సింలూ, పుస్తకంల బొమ్మనే నువ్వు దించితివి. గదే బొమ్మను మిషను ఒక్క రోజుల దించుతది. నీ దగ్గర కొత్తగ ఏమున్నది?" అన్నారు.

కోపంగా అనలేదు. నిజంగానే అడిగారు.  పక్కనున్న కుర్ర లెక్చరర్ కూడా మెల్లగా అన్నాడు. "అన్నా, నువ్వేసింది చింతచెట్టు లెక్కున్నది. నాచు చూసినవా ఎన్నడన్న?"

చూశాననే అనుకున్నాను. నీళ్ళ తొట్టిలో, బావి మెట్ల మీద, కాలు జారిన ప్రతిచోటా. కానీ ఆ పచ్చదనానికి ఆకు ఉందో కాండం ఉందో ఏనాడూ వంగి చూడలేదు.

"రెండు వారాలు టైమియ్యండి సార్. మొక్కను చూసి గీస్త" అన్నాను. లెక్చరర్ ఒక కాగితం ముక్క మీద పేరు రాసిచ్చాడు. ఎస్తేరు మేడం, రిటైర్డ్ వృక్షశాస్త్రం లెక్చరర్, వనపర్తి. "నాచు సంగతి మన జిల్లాల ఆమెకు తెలిసినట్టు ఎవ్వరికి తెల్వదు. నా గురువు" అన్నాడు.

బీచుపల్లి

కార్తీక మాసం, శనివారం. పొద్దున బస్టాండు ముందర బండి మీద ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిని ఎక్కాను. ప్లేటు ఎనిమిది రూపాయలు. బొరుగులను నానబెట్టి, నీళ్ళు పిండేసి, పోపులో వేయించే ఈ ఉగ్గాని గద్వాల నుంచి తూర్పుకు పోతే మళ్ళీ కనబడదు. వనపర్తిలో అడిగితే ఉప్మా పెట్టారు.

బీచుపల్లిలో దిగాను. ఆంజనేయస్వామికి దండం పెట్టుకుని కృష్ణ ఒడ్డుకు పోయాను. ఆడవాళ్ళు తడిచీరలతో దీపాలు వదులుతున్నారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని మెట్ల అంచున వేలాడే పచ్చటి జారుడు పోగులను గోటితో గీకి టిఫిన్ బాక్సులో నింపుకుంటున్నాను. పద్మ కట్టిచ్చిన రొట్టెలు అప్పటికే సంచిలోకి మారాయి. మేడం ఇంటికి ఉత్త చేతులతో పోకుండా నాచు తీసుకుపోతున్నానని లోపల గొప్పగా ఉంది.

పెబ్బేరు సంత

శనివారం పెబ్బేరు సంత. బస్సులో మనుషులతో పాటు మేకపిల్లలు కూడా ఎక్కాయి. నా పక్కన ముల్లె ఒళ్ళో పెట్టుకుని ఒకామె ఇరుక్కుని కూర్చుంది. "స్వల్ప జరుగన్నా" అంది. మాటలో కన్నడం కలిసింది. రాయచూరు వైపు ఊరు, విత్తన పత్తి చేలల్లో మూడు నెలలు పని చేసి చెల్లెలింటికి పోతోంది.

బస్సు గుంతలో పడి లేచేసరికి టిఫిన్ బాక్సు మూత ఊడింది. పచ్చటి నీళ్ళు ఆమె ముల్లె మీదికి కారాయి.

"అయ్యో! ఏందన్నా ఇది, పుంటికూర పులుసా?"

"కాదక్కా. నాచు."

"నాచా? ఎవలన్న నాచు సద్ది కట్టుకుంటరా?"

ముందు సీటు, వెనక సీటు, మేకలాయన, అందరూ నవ్వారు. నా తువ్వాలుతో ముల్లె తుడుస్తూ మొత్తం చెప్పుకున్నాను. ఆమె నవ్వు ఆపి శ్రద్ధగా విన్నది. పత్తి పూలకు తాము చేసే పనిని తన చేతివేళ్ళతోనే చూపించింది. సాయంత్రం మొగ్గను గోటితో చీల్చి అందులోని మగ పోగులు తీసేస్తారట. తెల్లారి వేరే చేను మగపువ్వు తెచ్చి ఆడపువ్వుకు అద్దుతారట. ఆమె బొటనవేలి గోరు అరిగి పసుపుపచ్చగా మారింది.

"మూడు నెలల సంది పూలకు పెండ్లిండ్లు జేసుడే పని. మరి నీ నాచుల మగది, ఆడది ఉంటదా?"

"తెల్వదక్కా."

"తెల్వకుంటనే బొమ్మేసినవా?"



వనపర్తి

ఎస్తేరు మేడం ఇల్లు చర్చి వెనక సందులో ఉంది. రెండు గదులు, వెనక చిన్న పెరడు. అరవై నాలుగేళ్ళ మనిషి, తెల్ల చీర, తల బాగా నెరిసింది, గొంతు మాత్రం ఇంకా క్లాసు చివరి బెంచీ దాకా వినబడేటంత గట్టిగా ఉంది. నేను టిఫిన్ బాక్సు అందించగానే మూత తీసి, చూడకుండా, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది పాచి. నీళ్ళల్ల పుట్టే పోగులు. దీనికి ఆకు లేదు, కాండం లేదు. మన తెలుగుల పచ్చగ ఉండి జారేదంతా నాచే. గందుకే ఎవ్వలు వంగి చూడరు. పారబొయ్యి."

పారబోశాను. ఆమె నా చెయ్యి పట్టుకుని పెరటి గోడ దగ్గరికి తీసుకుపోయింది. గోడ మీద ఒకచోట నల్లగా, ఎండిన ఆవాల పొట్టులా ఏదో అంటుకుని ఉంది. వేళ్ళతో తడిమి "ఇది చూడు" అంది. "ఒక చెంబెడు నీళ్ళు పొయ్యి."

పోశాను. కన్ను ఆర్పి తెరిచేలోగా ఆ నల్ల పొట్టు కదిలింది. ముడుచుకున్న వేల చిన్న ఆకులు ఒక్కసారిగా విప్పుకున్నాయి. గోడ పచ్చబడింది. నలభై ఏళ్ళ వయసులో నోరు తెరుచుకుని నిలబడ్డాను.

"మేడం, చచ్చిందనుకున్న."

"ఎండిందంతే" అంది ఆమె, భూతద్దం నా చేతిలో పెడుతూ. "పేరు అడగకు. ముందుగాల ఏం కనబడుతుందో చెప్పు."

చెప్పాను. పొట్టి కాండం, చుట్టూ నాలుక ఆకారపు ఆకులు, ఆకు నడుమ ఒక ఈనె. ఆకు అంచులు లోపలికి చుట్టుకునే అలవాటు. ఆమె కళ్ళు మూసుకుని తలూపింది. "గోడ నాచు. హయోఫిలా అంటరు. నీ చార్టుల ఉండాల్సింది ఇది కాదు."

ఆ రాత్రి భోజనానికి జొన్నరొట్టె, పల్లీల చట్నీ. మా గద్వాల వైపు రొట్టెను ఇంకా పలుచగా కొడతాం. ఆమె చేసిన రొట్టె మందంగా, మెత్తగా ఉంది. తింటుంటే పాఠం చెప్పింది.

"ఫ్యునేరియాకు సూది లెక్క సన్నటి కాడ లేస్తది. కొసకు ఒక గుళిక, అండ్ల పొడి లెక్క విత్తనం. ఆ గుళిక సొరకాయ లెక్క ఒక దిక్కు ఉబ్బి, తల కిందికి వంచుతది. దాని పోలికదే ఇంకోటి ఉన్నది. అది నిటారుగ, గిన్నె లెక్క నిలవడతది. మనిషి కండ్లను మోసం జేసేది గదే. తల వంచితే ఫ్యునేరియా. లేకుంటే కాదు."

బస్సులో ముల్లె పట్టుకున్న ఆమె అడిగిన ప్రశ్న నేను అడిగాను. నాచులో మగది, ఆడది ఉంటాయా?

మేడం తినడం ఆపింది. "ఎవరడిగిండ్రు?"

పత్తి చేలో పనిచేసే ఒకామె అని చెప్పాను.

"ముప్పై ఏండ్లు పాఠం చెప్పిన. అడగకముందు చెప్పేదాన్ని గని, గట్ల అడిగినోళ్ళు ఒక్కరు లేరు. ఉంటయి నర్సింలూ. మగ కొమ్మ మీద వానచుక్క పడి చిట్లితే ఆ నీళ్ళల్ల మగ బీజం ఈదుకుంట పోయి ఆడదాన్ని చేరుతది. నీళ్ళు లేకుంటే వాటికి పెండ్లి లేదు."

మరి ఫ్యునేరియా ఎక్కడ దొరుకుతుందని అడిగాను.

"అడవిల మంట పోయిన నేల మీద. ఎండకాలం కాలుతది, వానలకు మొలుస్తది, ఈ నెలల ముదురుతది. మన్ననూరు పోదాం. నేనూ వస్త."

నాగర్‌కర్నూల్ బస్టాండు

ఆదివారం చర్చి అయ్యాక బయల్దేరాం. నాగర్‌కర్నూల్‌లో అచ్చంపేట బస్సుకు మారాలి. మేడంను బెంచీ మీద కూర్చోబెట్టి చాయ్ తేవడానికి పోయాను. తిరిగి వచ్చేసరికి బెంచీ ఖాళీ. రెండు గ్లాసులు చేతుల్లో పట్టుకుని బస్టాండంతా పరేషానై తిరిగాను. చివరికి కల్వకుర్తి పోయే బస్సులో, కిటికీ పక్కన, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. డ్రైవరు అప్పటికే ఇంజను స్టార్టు చేశాడు.

"మేడం, ఇది కల్వకుర్తి బస్సు! దిగుండ్రి!"

ఆమె ముఖం ఎర్రబడింది. "అచ్చంపేటది కాదా?"

నేను బోర్డులు రాసే మనిషిని. ఆ బస్సు నుదుటి మీద అక్షరాలు జానెడు పొడుగున్నాయి, తెల్లటి రేకు మీద ఎర్రటి రంగు. అప్పుడు అర్థమైంది. టిఫిన్ బాక్సును వాసన చూడడం, గోడను తడమడం, "ఏం కనబడుతుందో చెప్పు" అనడం. నన్ను పరీక్షిస్తోందని అనుకున్నాను. ఆమెకు కనబడక అడిగింది.

బెంచీ మీద కూర్చున్నాక, చల్లారిన చాయ్ పట్టుకుని, తానే చెప్పింది.

"రెండు కండ్లల్ల పొర. నిరుడటి సంది బాగ ముదిరింది. మనిషి ఆకారం అగుపడతది, ముఖం అగుపడదు. నీకు చెప్తే తీస్కరావని చెప్పలె."

"ఆపరేషన్ చేయించుకోవచ్చు కద మేడం?"

"అందరు అదే అంటరు. ఇంకేం చూడనీకె? చూసింది చాలు."

మన్ననూరుకు ఎందుకు వస్తోందో కూడా చెప్పింది. చాలా ఏళ్ళ కింద పిల్లలను మన్ననూరు తీసుకుపోయినప్పుడు, కాలిన నేల మీద ఫ్యునేరియా చూసింది. తెచ్చి ల్యాబులో పెట్టింది. ప్రాక్టికల్ పరీక్షకు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ పిల్లల ముందే నవ్వాడు. ఈ ఎండిన జిల్లాలో ఫ్యునేరియా ఏమిటమ్మా, నిటారుగా ఉండే ఆ రెండోదాన్ని చూసి పొరపాటు పడ్డారన్నాడు. అప్పటికే అది నలిగి, గుళికలు రాలిపోయాయి. చూపించడానికి ఏమీ మిగల్లేదు.

"మా నాయినది మట్టి పని. చెరువు కట్టలు పోసుకుంట ఊర్లు తిరిగినోళ్ళం. అట్ల చదువుకుని వచ్చినదాన్ని పిల్లల ముందర గట్లన్నడు. అయినా అప్పుడు బాధ లేదు, నాకు తెలుసు గద నేను చూసింది. ఇప్పుడు కండ్లు పోయినంక అనుమానం పట్టుకున్నది నర్సింలూ. నిజంగ తల వంచెనా? చూడాలె అనుకున్నదాన్నే చూసిన్నా?"

 అచ్చంపేట బస్సు వచ్చింది. ఎక్కే ముందు ఆమె నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒక్క మాట. రేపు నువ్వు చూసింది చూసినట్టే చెప్పాలె. నన్ను ఖుషీ చేసెటందుకు చెప్పొద్దు."

సరేనన్నాను.

అచ్చంపేట

మేడం దగ్గర చదువుకున్న ఒక టీచరమ్మ ఇంట్లో ఆ రాత్రి ఉన్నాం. మొక్కజొన్న రవ్వతో వండిన మక్కగట్క, పచ్చిపులుసు పెట్టారు. మా వైపు మక్కలను ఇంతగా వాడరు. నేను రెండోసారి అడిగి వేయించుకుంటే ఆ ఇంటి అవ్వ సంబరపడి "గద్వాలోళ్ళు పట్టుచీరలు నేసుడే కాదు, తిననీకె గూడ వస్తదే" అంది. మేడం మాత్రం సరిగా తినలేదు.

మన్ననూరు

సోమవారం పొద్దున్నే ఘాటు ఎక్కాం. చెక్‌పోస్టు దగ్గర అడవి వాచర్ నా సంచిలో కాగితాలు, పెన్సిళ్ళు చూసి "ఏం దించుతరు, మ్యాపా?" అన్నాడు. నాచు బొమ్మ అన్నాను. గోడ నాచును గీసిన కాగితం చూపించాను. అటు తిప్పి ఇటు తిప్పి చూసి ఇచ్చేశాడు. "రోడ్డు కనబడే దూరంలనే ఉండండి. ఏదీ తెంపొద్దు. ఒంటిగంటకు వచ్చెయ్యాలె. ఎలుగుబంట్లు తిరుగుతున్నయి" అన్నాడు.

చెక్‌పోస్టు పక్కన లింగమ్మ అనే చెంచు ఆమె ఈతాకు చీపుర్లు అమ్ముతోంది. యాభై ఏళ్ళుంటాయి. ఎండకాలం మంట పోయిన చోటు దగ్గరలో ఏదైనా ఉందా అని మేడం ఆమెను అడిగింది.

"మంట పోయిన కాడ ఏముంటదమ్మా?"

"నేల మీద పచ్చగ, బొచ్చు లెక్క..."

"దాని మీద ఎర్ర వెంటికలు లేస్తయి, అదేనా?"

మేడం చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. "దాన్ని మీరేమంటరు?"

"ఏమంటం? పేరు వెట్టి పిలిచే పని పడలె" అని లింగమ్మ చీపుర్లు పక్కామెకు అప్పగించి లేచింది.

వాగు వెంట నడిచాం. మేడం ఒక చెయ్యి నా భుజం మీద, ఇంకో చేతిలో కర్ర. వాగు గట్టు నీడలో తడి మట్టికి అంటుకుని చిన్న చిన్న పచ్చటి ఈకల్లాంటివి కనబడ్డాయి. ఆగాను.

"ఎట్లున్నది?"

"సపాటుగ ఉన్నది మేడం. కోడి ఈక లెక్క."

"ఆకులు ఎన్ని వరసలు?"

"రెండే. ఈ దిక్కొకటి, ఆ దిక్కొకటి."

"ఆకు మొదట్ల చూడు. జేబు లెక్క ఏమన్న ఉన్నదా?"

తడిమట్టిలో బోర్లా పడుకుని భూతద్దం కంటికి ఆనించాను. ప్రతి ఆకూ మొదట్లో రెండు పొరలుగా చీలి, కాండాన్ని లోపల పెట్టుకుని పట్టుకుంది. "ఉన్నది మేడం! అంగీ జేబు తీరుగ!"

"ఫిస్సిడెన్స్" అంది ఆమె నవ్వుతూ. "అడవిల నీడ నేల ఉన్న ప్రతి కాడ ఉంటది. ఇంక నువ్వెక్కడ చూసినా గుర్తుపడతవు."

నిజమే. అక్కడి నుంచి పది అడుగులకొకచోట అదే కనబడింది. పొద్దున దాకా ఉత్త పచ్చదనంగా ఉన్న ఆ గట్టు మీద పేరు తెలిసిన మనిషి ఎదురుపడినట్టు ఉంది.

లింగమ్మ చూపించిన చోటు కొంచెం పైన ఉంది. సగం కాలిన పెద్ద మద్ది మాను పడి ఉంది. చుట్టూ నేల ఇంకా నల్లగానే ఉంది. మాను నీడ పడే వైపు ఆ నలుపు మీద పచ్చటి దుప్పటి పరిచినట్టు నాచు, దాని మీద సన్నటి కాడలు. మేడంను ఒక బండ మీద కూర్చోబెట్టి నేను వంగాను.

కాడలు వేళ్ళతో కొలిస్తే అంగుళం పైనే ఉన్నాయి. కానీ కొసలన్నీ నిటారుగా ఉన్నాయి. ఒక్కటి కూడా తల వంచలేదు.

"చెప్పు నర్సింలూ."

 ఆమె ముఖం నా గొంతు వచ్చే వైపు తిరిగి ఉంది. ఇన్నేళ్ళ అనుమానం ఒక్క మాటతో పోతుంది. "వంచింది మేడం" అంటే చాలు, ఎవరు చూడవచ్చారు? ఆమె చూడలేదు. లింగమ్మకు పట్టదు. నేను పుస్తకంలో బొమ్మే మళ్ళీ గీసుకోవచ్చు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ నిన్న నా మోచెయ్యి పట్టుకుని అడిగిన మనిషి ఆమె.

"నిటారుగనే ఉన్నయి మేడం. అన్నీ."

ఆమె కర్రతో నేల మీద ఒక గీత గీసింది. పైన ఎక్కడో పిట్ట కూసి ఆగింది. "సరే. ఆ ఎగ్జామినర్ చెప్పిందే నిజమేమో" అంది. మళ్ళీ క్లాసు అలవాటు పోని మనిషిలా అడిగింది. "కొసకు ఇంకేమన్న ఉన్నదా? మొత్తం చెప్పు. సగం చెప్పి వదిలెయ్యొద్దు."

మళ్ళీ వంగాను. "కొసకు టోపీ ఉన్నది మేడం."

"ఎసుంటి టోపీ?"

"అడుగున బుగ్గ లెక్క ఉబ్బింది. పైన పొడుగ్గ ముక్కు. కొన్నింటికి ఒక దిక్కు చీలి, పక్కకు జారింది."

మేడం లేచి నిలబడింది. కర్ర కింద పడింది.

"ముక్కు పొడుగున్నదా? సక్కగ చూడు. ఆ రెండోదాని టోపీ పొట్టిగ, అంచు పీలికలు పీలికలుగ ఉంటది."

"పీలికలు లేవు మేడం. పొడుగు ముక్కే."

"టోపీ ఉన్నదంటే అవి ఇంకా పసివి నర్సింలూ! పసిగ ఉన్నప్పుడు అన్నీ నిటారే. ముదిరినంకనే తల వంచుతయి. టోపీ రాలినవి, ఎర్రబడ్డవి వెతుకు!"

వెతికాను. ఆ నీడ వైపు అన్నీ లేతవే. పన్నెండు దాటింది. వాచర్ చెప్పిన గంట దగ్గరపడుతోంది. అప్పటిదాకా మానుకు ఆనుకుని ఊరికే చూస్తున్న లింగమ్మ అంది. "ఏ కాయైన పొద్దు తగిలే దిక్కు ముందుగాల పండుతది. ఈడ దేవులాడితే ఏం దొరుకుతది? ఆ దిక్కు రా."

మాను దాటి ఎండ పడే వైపుకు తీసుకుపోయింది. అక్కడ జానెడు వెడల్పున నేలంతా రాగి రంగులో ఉంది. వంగి చూశాను. కోతకొచ్చిన కొర్ర చేనును ఎత్తైన కట్ట మీద నుంచి చూసినట్టుంది. ప్రతి కాడా కొస దగ్గర హంస మెడలా ఒంగి, దాని చివర సొరకాయ బుర్ర లాంటి గుళిక, మూతి నేల వైపు.

"మేడం, వంచినయి! తల వంచినయి!"

"ఒక్కటి చూసి చెప్పకు."

"ఇరవై చూసిన. అన్నీ వంచినయి."

"నా మీద ఒట్టా?"

"మీ మీద ఒట్టు."

లింగమ్మ, నేను చెరొక చెయ్యి పట్టుకుని ఆమెను అక్కడికి తెచ్చాం. తెల్ల చీర బూడిదలో పడుతుందని కూడా చూడకుండా మోకాళ్ళ మీద కూర్చుంది. తర్వాత రెండు చేతులూ నేల మీద ఆనించి, ముఖం నాచు దాకా వంచింది. తెంపకూడదు కదా, అందుకు. పెదవులు కాడలకు తాకేంత దగ్గరగా పెట్టి, మెల్లగా ఊపిరి వదిలింది.

నేను పక్కన బోర్లా పడుకుని చూస్తున్నాను. ఎండకు ఎండి మెలిపడి ఉన్న కాడలు ఆ ఊపిరి తడికి కదిలాయి. మెలి విప్పుకుంటూ, గుళికలు తలలు ఊపుతూ, ఒక్కొక్కటిగా తిరగసాగాయి. ఆమె పెదవి మీదుగా రాసుకుంటూ తిరిగాయి.

"తిరుగుతున్నయి" అంది, లేవకుండానే. "తడి తగిలితే తిరుగుతయి. నాకు తెలుస్తున్నది. ఇగో, తిరుగుతున్నయి."

మళ్ళీ ఊపిరి వదిలింది. మళ్ళీ తిరిగాయి. ఎన్నిసార్లు అలా చేసిందో నేను లెక్కపెట్టలేదు. లింగమ్మ కూడా వంగి, ఇన్నేళ్ళుగా తాను తొక్కుతూ పోయిన దాన్ని చూసి, "అవ్వో, దీనికి పానమున్నదే" అంది.

మిగిలిన సేపంతా గీస్తూనే ఉన్నాను. కాడ, మెడ వంపు, గుళిక మీద గీతలు, రాలిన టోపీ, అడుగున మొగ్గలా ముడుచుకున్న ఆకులు. పుస్తకంలో బొమ్మకూ దీనికీ ఉన్న తేడాలు పక్కన రాసుకున్నాను. వాచర్ ఈల వేసేదాకా లేవలేదు. ఈ తొందరలో నా చెప్పు ఒకటి వాగులో కొట్టుకుపోయింది. అచ్చంపేట దాకా ఒంటిచెప్పుతో వచ్చాను.

తిరుగు బస్సులో మేడం కిటికీ వైపు ముఖం పెట్టుకుని కూర్చుంది. నిద్రపోయిందనుకున్నాను. కల్లాల మీద పత్తి కుప్పలు తెల్లగా మెరుస్తున్నాయి.

"కంటి దవాఖాన పాలమూరుల మంచిగున్నదంటరు, నిజమేనా?" అంది.

మళ్ళీ వనపర్తి

రెండు వారాలు నిండకముందే అడవిలో గీసిన కాగితాలు గద్వాలలో ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన లెక్చరర్‌ను పిలిచారు. ఇద్దరూ చాలాసేపు చూశారు. "ఇది మన జిల్లాల దొరికిందా?" అని లెక్చరర్ రెండుసార్లు అడిగాడు. మిగతా చార్టులు కూడా నన్నే చేయమన్నారు. "అన్నీ గిట్లనే చూసి గీస్తవా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు. దొరికినంతవరకు చూసే గీస్తానన్నాను.

చార్టు పూర్తయ్యాక కాలేజీకి ఇచ్చేముందు వనపర్తి పోయాను. క్రిస్మస్‌కు ఇంకా వారం ఉంది. మేడం గుమ్మానికి కాగితం నక్షత్రం వేలాడుతోంది. ఆమెకు ఒక కంటి ఆపరేషన్ అయి నెల కావస్తోంది. తలుపు తీసి, కొత్త అద్దాల్లోంచి నన్ను కిందికీ మీదికీ చూసింది.

"ఎవరు కావాలె నాయినా?"

"నేనే మేడం. నర్సింలును."

"నువ్వా!" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "గొంతు విని గుబురు మీసాల మనిషివనుకున్న. నీకు మీసమే లేదు గద?"

ఇద్దరం నవ్వుకుంటూ లోపలికి పోయాం. చార్టును మంచం మీద పరిచాను. ఆమె భూతద్దం అడగలేదు. మంచం పట్టె మీద కూర్చుని, ఆకుల దగ్గర మొదలుపెట్టి వేలితో పైకి వచ్చింది. కాడ, మెడ, తల వంచిన గుళిక. అక్కడ చాలాసేపు ఆగింది. తర్వాత పక్కనే గీసిన లేత గుళిక మీదికి పోయింది. వేలు నిలిచింది.

"ఇది తక్కువైంది. టోపీ ముక్కు ఇంక జర పొడుగుండాలె."

"అడవిల చూసే గీసిన మేడం."

"అప్పట్ల నేనూ చూసిన" అంది. "నాకు బాగ గుర్తున్నది."

సంచిలోంచి మన్ననూరు కాగితం తీసి పక్కన పెట్టి కొలిచాను. ఆమె చెప్పిందే నిజం. చార్టు మీద పైన పేరుకు చోటు ఉంచాలని నేనే కుదించాను. పెన్సిల్ తీశాను. ఆమె ముందుకు వంగి, చార్టు కదలకుండా రెండు చేతులతో అంచులు అదిమి పట్టుకుంది. నేను ముక్కును పొడుగు చేశాను.